బతుకమ్మా, బ్రతుకమ్మా? తయారు చేయాలా, పేర్చాలా?

సందేహం: మా బడిలో బతుకమ్మ వేడుకకు ఆహ్వానపత్రిక రాస్తున్నాము. "తంగేటి పూలతో బ్రతుకమ్మలను తయారు చేసి, ఎంగిలి పూల నాటి నుండి చద్దుల నాటి వరకు బ్రతుకమ్మను ఆడి, చివరిరోజు నిమజ్జనం చేయుదము" అని ఒక మాస్టారు రాసిచ్చారు. 'బ్రతుకమ్మ'యే శుద్ధరూపమని, 'బతుకమ్మ' వాడుకలో చెడిన మాట అని ఆయన వాదన. 'ఎంగిలి' అన్న మాట పండుగకు తగదు, 'తొలిపూలు' అని మారుద్దామని ఇంకొకరు అన్నారు. చద్ది అంటే పాచి అన్నమే కదా, దానిని నైవేద్యం ఎలా పెడతారు? బృహదమ్మ అన్న సంస్కృత పదమే బతుకమ్మ అయిందన్నది నిజమా?
– ఒక ఉపాధ్యాయురాలు, సిద్దిపేట జిల్లా

సమాధానం: మీ పత్రికలో అన్నిటికన్నా ముందు దిద్దవలసిన మాట 'తయారు చేసి'. బతుకమ్మను తయారు చేయరు, పేరుస్తారు. 'తయారు' ఉర్దూ మీదుగా వచ్చిందని అనడం లేదు. అది మనలో ఎప్పుడో కలిసిపోయిన మాటే. కాకపోతే ఏ పనికైనా సరిపోయే మాట కాబట్టి అది ఈ పని ఎలాంటిదో చెప్పదు. 'పేర్చు' చెబుతుంది.

చేరు–చేర్చు, మారు–మార్చు, తీరు–తీర్చు జంటల్లాగే పేరు–పేర్చు కూడా ఒక జంట. ఈ 'పేరు' మనిషికి పెట్టుకునే పేరు కాదు. 'నెయ్యి పేరింది', 'మూలన దుమ్ము పేరుకుంది' అంటామే, ఆ పేరు. కొంచెం కొంచెంగా చేరి నిలబడటం దాని అర్థం. అలా చేర్చి నిలబెట్టడం పేర్చడం. పూల విషయంలో తెలుగు చాలా పట్టింపు ఉన్న భాష. చెట్టున ఉన్నవాటిని కోస్తాం, తెలంగాణలో అయితే తెంపుతాం. రాలిన పారిజాతాలను ఏరుతాం. సూదితో గుచ్చుతాం, దారంతో మాల కడతాం, పూలజడ అల్లుతాం, కొప్పులో తురుముకుంటాం. సూదీ దారం లేకుండా పూల మీద పూలను వరుసలుగా ఎత్తుకుంటూ పోతే అది పేర్చడం. కట్టెలకూ ఇటుకలకూ వాడే క్రియ పూలకు వాడుతున్నామంటే ఆ కట్టుబడి అలాంటిది.

ఎలాంటిదో చూడండి. తాంబాళంలోనో సిబ్బిలోనో గుమ్మడి ఆకులు గానీ ఆముదపు ఆకులు గానీ పరుస్తారు. మొదటి వరుస తంగేడు. రెమ్మలను చిన్న గుత్తులుగా తీసుకొని పూలు బయటికి, కాడలు లోపలికి ఉండేలా చుట్టూ పెడతారు. నడుమ మిగిలిన ఖాళీని తుంచిన ఆకులతో, కాడల ముక్కలతో వరుస ఎత్తుకు సమంగా నింపుతారు. పని తెలిసినవాళ్ళ నేర్పంతా ఈ నింపడంలోనే ఉంటుంది. నింపుడు తక్కువైతే పై వరుసల బరువుకు పూలు లోపలికి కుంగుతాయి. నడుమ గుట్టలా ఎక్కువైతే బయటికి జారతాయి. ఆ పైన గునుగు. కాడలను ఒకే పొడవుకు కత్తిరించి, కొన్నిటిని తెల్లగానే ఉంచి, కొన్నిటిని రంగునీళ్ళలో ముంచి ఆరబెడతారు. ఆరకముందే పేరిస్తే రంగు పక్క వరుసకు అంటుతుంది, తడికి కాడలు కూడా నిలవవు. ప్రతి వరుసనూ కింది వరుసకన్నా కొద్దిగా లోపలికి జరపాలి. అలా జరపకుండా నిలువుగా లేపితే గోపురం కాదు, గోడ అవుతుంది. ఎత్తుకొని నాలుగడుగులు వేసేసరికి ఒరుగుతుంది. బంతి, చామంతి, పట్టుకుచ్చులు పైవరుసలకు వస్తాయి. కొసన గుమ్మడిపువ్వు, అక్కడే తమలపాకులో పసుపు గౌరమ్మ. ఇంత పనినీ ఒక్క క్రియ మోస్తున్నప్పుడు దాన్ని తీసేసి 'తయారు' పెట్టడం నాకు నిజంగా నష్టంగా తోస్తుంది. బతుకమ్మకు ముందు ఆడపిల్లలు ఆడే బొడ్డెమ్మకు మాత్రం 'చేయు' సరిపోతుంది, ఎందుకంటే దానిని మన్నుతో చేస్తారు.

ఇక మీ మాస్టారి 'బ్రతుకమ్మ'. ప్రాచీన కావ్యాలలో ఉన్నది 'బ్రదుకు'. తర్వాత 'బ్రతుకు', ఆ తర్వాత 'బతుకు'. ఇక్కడ రేఫ, అంటే ర ధ్వని, ఉన్న రూపం పాతది, అంతే. శుద్ధమైనది అనడానికి ఆధారం లేదు. అచ్చ తెలుగు మాటల మొదట్లో హల్లుతో కలిసి వచ్చే రేఫ చాలావాటిలో స్థానం మారి వచ్చినది. తమిళ 'మరం' పక్కన మన 'మ్రాను' పెట్టి చూడండి. రెండో చోట ఉన్న ర మొదటి హల్లు దగ్గరికి జరిగింది. అలా చేరిన రేఫ మళ్ళీ జారిపోయి మాను అయింది. ప్రొద్దు–పొద్దు, మ్రొక్కు–మొక్కు, క్రొత్త–కొత్త, ప్రాత–పాత, త్రాగు–తాగు, క్రింద–కింద అన్నీ ఇదే తోవ నడిచాయి. కన్నడంలో కూడా ఈ మాట 'బదుకు' గానే ఉంది. మీ మాస్టారు 'ప్రొద్దున్నే త్రాగునీరు' అని రాయరు గదా, 'బ్రతుకమ్మ' అని మాత్రం ఎందుకు రాయాలి? రేఫ తప్పక నిలపవలసింది సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో. ప్రసాదం, వ్రతం, క్రమం, ప్రాణం. మాటల్లో 'పానం బాగలేదు' అన్నా, వ్యాసంలో 'ప్రాణం' అనే రాస్తాం. కావ్యభాషలోనో పద్యంలోనో 'బ్రతుకు' రాస్తే దాన్ని తప్పు అనను. పండుగ పేరుకు మాత్రం అందరూ పలికే రూపం, 2014లో తెలంగాణ రాష్ట్ర పండుగగా ప్రకటించినప్పటి నుంచి ప్రభుత్వం రాస్తున్న రూపం 'బతుకమ్మ'. అదే రాయండి.

పిల్లల చేత రాయిస్తారు కనుక రెండు తప్పులు ముందే చెబుతాను. ఒకటి 'బతకమ్మ'. క్రియను వాడేటప్పుడు బతకాలి, బతికింది అని నడుమ అచ్చు మారుతుంది. ఆ అలవాటులో పేరులోనూ 'త' రాసేస్తారు. పేరులో ఉన్నది 'బతుకు', కనుక 'తు' ఉండాలి. రెండోది 'బథుకమ్మ'. ఇంగ్లీషులో రాసేటప్పుడు త కోసం రెండు అక్షరాలు పెడతారు. వాటిని చూసి తిరిగి తెలుగులోకి రాస్తే ఒత్తు వస్తుంది. ఈ అచ్చ తెలుగు మాటలో ఒత్తుకు చోటు లేదు.

బతుకు + అమ్మ, ఉకారం పోయి బతుకమ్మ. గౌరి + అమ్మ గౌరమ్మ అయినట్టే. అర్థం దగ్గరే ఆలోచించాలి. 'బతుకు' ఒకే రూపంతో నామవాచకమూ అవుతుంది (జీవితం), 'నువ్వు జీవించు' అనే విధి క్రియా అవుతుంది. నేను రెండోదాని వైపే మొగ్గుతాను. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో తర్వాత పుట్టిన బిడ్డకు బతుకమ్మ, బతుకయ్య అని పేరు పెట్టడం మన పల్లెల్లో ఉన్న ఆచారం. పెంటయ్య, పెంటమ్మ లాంటి పేర్లూ ఆ భయంలోంచి పుట్టినవే. పండుగ పాటల్లో వినిపించే ధర్మాంగదుడు–సత్యవతి కథ కూడా ఇదే చెబుతుంది. నూరుగురు కొడుకులను పోగొట్టుకున్న దంపతులకు లక్ష్మి కూతురుగా పుడితే, బతకాలని దీవించి బతుకమ్మ అన్నారు. కథ చారిత్రకమా కాదా అన్నది వేరు. పాట కట్టినవాళ్ళు ఆ పేరును దీవెనగానే విన్నారన్నది మనకు ముఖ్యం.

బృహదమ్మ వాదన ఇలా చెబుతారు. చోళులు వేములవాడ నుంచి శివలింగాన్ని తంజావూరుకు తరలించి బృహదీశ్వరాలయం కట్టారు. ఇక్కడ ఒంటరిగా మిగిలిన బృహదమ్మను తలచుకుని జనం పూలను పేర్చారు, ఆ బృహదమ్మే బతుకమ్మ అయింది. తంజావూరు గుడి రాజరాజ చోళుడు కట్టించినది, 1010లో పూర్తయింది. అంతవరకు చరిత్ర. మాట సంగతికి వస్తే, 'బృహదమ్మ'లో కకారం లేదు. 'బతుకమ్మ'లో ఉంది. మాటలు అరిగేటప్పుడు అక్షరాలు పోవడం మామూలే కానీ, లేని 'కు' ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకుండా ఆ వ్యుత్పత్తిని ఒప్పుకోలేం. చూపించడానికి 'బతుకు' అనే మాట ఎదురుగా ఉండగా అంత దూరం వెళ్ళనక్కరలేదు. దానిని భక్తితో చెప్పుకునే కథగా ఉంచండి, పత్రికలో వ్యుత్పత్తిగా రాయకండి.

'ఎంగిలి'ని మార్చవద్దు. తమిళంలో ఎచ్చిల్, కన్నడంలో ఎంజలు దీనికి చుట్టాలు. తమిళంలో 'ఎంజు' అంటే మిగులు అని అర్థం. అంటే ఎంగిలి మొదట 'మిగిలినది'. తిని మిగిల్చినది, నోరు తగిలినది అన్నది ఆ తర్వాత బలపడ్డ అర్థం. భాద్రపద అమావాస్య నాటి మొదటి బతుకమ్మకు పూలను ముందురోజే తెంపి, నీళ్ళు చల్లి ఉంచి, మర్నాడు పేరుస్తారు. రాత్రి నిద్ర చేసిన పూలు గనుక ఎంగిలిపూలు అన్నది ఎక్కువగా వినిపించే వివరణ. ఆ అమావాస్యే పెత్రమాస (పితృ అమావాస్య), ఆనాడు పెద్దలకు బియ్యం ఇచ్చి, భోంచేసిన తర్వాత పేరుస్తారు కాబట్టి ఎంగిలి అనే వాళ్ళూ ఉన్నారు. మాట చరిత్ర మొదటి వివరణకే దగ్గరగా ఉందని నా అభిప్రాయం. ముందురోజు తెచ్చుకోవడంలో ఒక మెలకువ కూడా ఉంది. గునుగు కాగితంలా పొడి పువ్వు, రెండు రోజులైనా చెదరదు. తంగేడు త్వరగా వాడి రేకులు రాలుస్తుంది. అందుకే దానిని రెమ్మలతో తెంపి, కాడలు నీళ్ళలో ఉండేలా నిలబెడతారు. 'తొలిపూలు' అంటే వినడానికి బాగుంటుంది కానీ ఈ సంగతులేవీ అందులో ఉండవు.

సద్దుల గురించి మీ సందేహం చాలామందికి ఉన్నదే. చల్ది, చద్ది, సద్ది ఒకే మాట. పోతన దశమస్కంధంలో కృష్ణుడు, గోపబాలకులు అడవిలో కూర్చుని తిన్నవి చల్దులే. పొద్దున్నే ఇంట్లో కట్టుకొని పోయినవి అవి, పాచివి కావు. తెలంగాణలో ఈ అర్థం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. సద్దిమూట, సద్దిగిన్నె, 'సద్ది గట్టుకొని పొలం పోయిండు'. ఇంటి నుంచి కట్టుకొని పోయి బయట తినేది సద్ది. కొన్ని చోట్ల అది 'రాత్రి మిగిలిన అన్నం' దగ్గర ఆగిపోవడంతో మీకు ఆ అనుమానం వచ్చింది. బతుకమ్మ చివరిరోజు చింతపండు పులిహోర, పెరుగన్నం, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వుల సద్దులను అప్పుడే వండి, కట్టుకొని చెరువుగట్టుకు పోతారు. మలీద ముద్దలు, సత్తుపిండి కూడా వెంట ఉంటాయి. 'ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం' అని పంచుకొని అక్కడే తింటారు. అందుకని అవి సద్దులు. 'చద్దుల' అని దిద్దకండి. స తో ఉన్న ఆ రూపం ఈ పండుగ పేరులో స్థిరపడింది.

రోజుల లెక్క రాసేటప్పుడు కొంచెం జాగ్రత్త. అమావాస్య నాడు మొదలై ఆశ్వయుజ శుద్ధ అష్టమికి తొమ్మిది రోజులు. ఆరో రోజు 'అలిగిన బతుకమ్మ', ఆనాడు పేర్చరు. వేములవాడ వైపు ఏడో రోజునే సద్దుల బతుకమ్మ చేసుకుంటారు. అందుకని అన్ని ఊళ్ళకూ కలిపి 'తొమ్మిదవ రోజు' అనకుండా మీ ఊరి తేదీ వేయండి.

'బతుకమ్మను ఆడి' అన్నచోట 'ను' తీసేయాలి. పేర్చినప్పుడు, ఎత్తుకున్నప్పుడు బతుకమ్మ ఒక వస్తువు కనుక 'బతుకమ్మను' అనవచ్చు. ఆడినప్పుడు అది ఆట పేరు. కోలాటం ఆడారు, కబడ్డీ ఆడారు అన్నట్టే బతుకమ్మ ఆడారు. 'తంగేటి పూలు' సరైనదే. గూడు–గూటి, నాడు–నాటి లాగా తంగేడు–తంగేటి. 'తంగేడు పూలు' అన్నా తప్పు లేదు. నిమజ్జనం వ్యాకరణానికి తప్పు కాదు కానీ ముంచడం అన్న అర్థమే అందులో పైకి కనిపిస్తుంది. బతుకమ్మ నీటి మీద తేలుతూ పోతుంది. ఆడబిడ్డను పంపినట్టు 'సాగనంపడం' అన్నదే మన ఆడవాళ్ళ నోట ఉన్న మాట.

అన్నీ కలిపి మీ వాక్యాన్ని ఇలా వేసుకోండి: "తంగేటి పూలతో, గునుగు పూలతో బతుకమ్మలను పేర్చి, ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా బతుకమ్మ ఆడి, చివరినాడు చెరువులో సాగనంపుదాం, రండి." 'ఎంగిలిపూల' ఒకే పదంగా కలిపి రాయాలి. విడదీస్తే పండుగ పేరు పోయి, ఎవరో ఎంగిలి చేసిన పూలు అన్న అర్థం వస్తుంది.