ఇరవైకీ నలభైకీ మధ్య

చిరంజీవి సుధీర్‌కు,

నీకు షుగర్ వచ్చిందనీ, ఆర్మీ నిన్ను బయటికి పంపిస్తోందనీ నాకు ఎలా తెలిసిందో తెలుసా? గుంటూరు చర్చి వాట్సాప్ గ్రూపులో ప్రార్థన విన్నపం చూసి. ఆర్మీ ఆసుపత్రిలో ఎందరో సైనికులకు ఇన్సులిన్ సూది పట్టుకోవడం నేర్పిన పెద్దమ్మ శాన్ ఆంటోనియోలో ఉంది. నువ్వు అదే టెక్సాస్‌లో, ఎల్ పాసో దగ్గర ఫోర్ట్ బ్లిస్‌లో ఉన్నావు. కబురు మాత్రం గుంటూరు వెళ్ళి తిరిగి వచ్చింది. ఈ కోపం ఇక్కడితో వదిలేస్తున్నాను, ఉత్తరంలో పని చాలా ఉంది.

మీ అమ్మకు ఫోను చేస్తే మిగతాది చెప్పింది. నువ్వు కొలువుకు పనికొస్తావో లేదో తేల్చే మెడికల్ బోర్డు ఫైలు తెరిచారట. వచ్చే వారం వీఏ వాళ్ళ (మాజీ సైనికుల శాఖ) సీ అండ్ పీ పరీక్ష, అంటే పరిహారం కోసం చేసే వైద్య పరీక్ష, ఉందట. నువ్వు మాత్రం "ఏ కాగితం పెడితే దాని మీద సంతకం చేసి, వాళ్ళిచ్చే డబ్బు తీసుకుని డల్లాస్‌లో ఉద్యోగంలో చేరిపోతాను" అంటున్నావట. బోర్డు ముందు బతిమాలుకోవడం నామోషీ అన్నావట. నువ్వు ప్రమాణం చేసిన రోజు ఫోటో ఇప్పటికీ మా హాల్లో ఉంది, వచ్చిన ప్రతివాళ్ళకీ చూపిస్తాను. ఆ పిల్లవాడే జబ్బు చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాడంటే నాకు గర్వం కాదు, భయం వేస్తోంది.

ముందు చిన్న విషయాలు. నీ మెడికల్ రికార్డు పూర్తి కాపీ తీసుకో. బోర్డుకు వెళ్ళే సైనికుల కోసం ఆర్మీ పెట్టిన లాయర్లు ఉన్నారు, డబ్బు ఇవ్వక్కరలేదు, ఈ వారమే వెళ్ళి కలువు. గడువు తేదీలు క్యాలెండరులో రాసుకో. ఏ కాగితమూ ఇచ్చిన రోజే సంతకం చెయ్యకు. కుటుంబంలో షుగర్ ఉందా అని అడిగితే ఉందనే చెప్పు. మనవాళ్ళు అది దాచాల్సిన సంగతేమో అనుకుంటారు, కాదు. నువ్వు చేరినప్పుడు నీకు జబ్బు లేదు, చేరాక వచ్చింది, తేదీతో సహా రికార్డులో ఉంది. అది చాలు.

ఇప్పుడు అసలు విషయం. జబ్బు మనిషిని ఎంత అశక్తుణ్ణి చేసిందో కొలిచే వీఏ శాతాల పట్టికలో మధుమేహానికి 7913 అని ఒక నంబరు ఉంది. ఆహార నియమం ఒక్కదానితోనే నడిచేవాళ్ళకు 10. మాత్రలో, రోజుకు ఒక్కసారైనా ఇన్సులినో వాడుతూ ఆహార నియమం పాటించేవాళ్ళకు 20. ఇన్సులిన్, ఆహార నియమం, వాటికి తోడు శ్రమతో కూడిన పనులు, ఆటలు మానుకోవలసిన అవసరం కూడా ఉంటే 40. ఆ పైన ఉన్న 60, 100 ఆసుపత్రిలో చేరడాలతో, ఉపద్రవాలతో ముడిపడినవి. అవి నీకు ఎప్పటికీ రాకూడదని ప్రార్థిస్తాను.

ఆర్మీ గీత గీసింది 30 దగ్గర. 30, ఆ పైన వస్తే వైద్య కారణాలతో రిటైర్‌మెంట్. తక్కువ వస్తే సెవరెన్స్ పే అని ఒక్కసారి డబ్బు చేతిలో పెట్టి పంపిస్తారు. ఈ జబ్బు పట్టికలో 30 లేనే లేదు. కాబట్టి నీ విషయంలో తేలవలసింది ఒక్కటే: 20 అయితే మాజీ సైనికుడివి, 40 అయితే రిటైరైన సైనికుడివి. ఆ రెండింటికీ మధ్య ఉన్నది డాక్టరు రాసే ఒక్క వాక్యం.

ఆ వాక్యం లేక పోగొట్టుకున్న మనిషి ఒకతను నాకు తెలుసు.

ఓక్లహోమా కుర్రాడు, సార్జెంటు, లారీ ఇంజన్లు బాగుచేసేవాడు. 2005 ప్రాంతంలో మా క్లినిక్‌కు వచ్చాడు. ఒక్క నెలలో బట్టలు వదులైపోయి, మంచినీళ్ళ సీసా చేతిలోనుంచి దించకుండా వచ్చాడు. టైప్ 1, ఒళ్ళు ఇన్సులిన్ తయారుచెయ్యడం మానేసే రకం. ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో వచ్చిందేమిటని నీలాగే ఆశ్చర్యపోయాడు. సూది నేర్పాను, తిండి లెక్కలు నేర్పాను. మంచి విద్యార్థి. కాకపోతే ఎవరు ఎలా ఉన్నావని అడిగినా, కళ్ళు తిరుగుతూ గోడ పట్టుకుని నిలబడి కూడా, బ్రహ్మాండంగా ఉన్నానని చెప్పేవాడు.

డ్యూటీలో రెండుసార్లు షుగర్ పడిపోయి ఇంజను కింద చెమటలు కక్కుతూ దొరికాడు. తోటివాళ్ళు కోక్ తాగించి కూర్చోబెట్టారు. ఆ రెండూ ఎక్కడా నమోదు కాలేదు, కానివ్వలేదు. బరువులు ఎత్తవద్దని, ఎండలో పరుగులు వద్దని డాక్టరు అతనితో అనడం నేను విన్నాను. రాయించుకో అని చెప్పాను. "మేడమ్, నేను రోగిని కాను" అని నవ్వాడు. బోర్డు కోసం పరీక్ష చేసినాయన రోజూ వ్యాయామం చేస్తావా అని అడిగితే, చేస్తాను, ఐదు మైళ్ళు పరుగెత్తుతాను అన్నాడు. జబ్బు రాకముందు పరుగెత్తిన మైళ్ళవి! ఆయన అది యథాతథంగా రాసుకున్నాడు. పనులపై ఎలాంటి ఆంక్షా అవసరం లేదు అని కింద ఒక ముక్క చేర్చాడు. కాగితం బోర్డుకు వెళ్ళింది, 20 వచ్చింది. మా సార్జెంటు అదే రోజు సంతకం చేశాడు.

సెవరెన్స్ డబ్బుతో కొత్త ట్రక్కు కొని క్లినిక్ ముందు ఆపి మరీ చూపించాడు. ఆ తర్వాత తెలిసింది, వీఏ తనకు నెలనెలా ఇవ్వవలసిన పరిహారంలోనుంచి ఆ సెవరెన్స్ మొత్తం తీరేదాకా పట్టుకుంటుందని. యుద్ధ మండలంలో వచ్చిన జబ్బుకైతే ఇప్పుడు మినహాయింపు ఉంది. నీకు వచ్చింది ఫోర్ట్ బ్లిస్‌లో, కాబట్టి నీకూ పట్టుకుంటారు. అతని ఇన్సులిన్‌కు లోటు రాలేదు, అది వీఏ ఇచ్చింది. కానీ వీఏ చూసుకునేది అతన్ని. భార్యకు, ఇద్దరు పిల్లలకు అప్పటిదాకా ఉన్న ట్రైకేర్, అంటే సైనిక కుటుంబాల ఆరోగ్య బీమా, పోయింది. తర్వాత వర్క్‌షాపు ఉద్యోగం పోయినప్పుడు దాని బీమా కూడా పోయింది. ఆ చలికాలమే చిన్నవాడికి ఆస్తమా ఎక్కువై ఆసుపత్రిలో పెట్టారు. ట్రక్కు అమ్మేశాడు.

2008లో చట్టం మారింది. 2001 సెప్టెంబరు 11 నుంచి 2009 చివరిదాకా 20 లేక అంతకు తక్కువ శాతంతో బయటికి వచ్చినవాళ్ళ కేసులు తిరిగి చూడటానికి ప్రత్యేకంగా ఒక బోర్డు పెట్టారు. శాతం పెంచవచ్చు, ఉన్నదానికంటే తగ్గించకూడదు. నేనే బలవంతపెట్టి దరఖాస్తు పంపించాను. వాళ్ళు ఫైలు మొత్తం తిరగేసి, శ్రమ మానుకోవాలని వైద్యుడు చెప్పినట్టు ఎక్కడా లేదు కాబట్టి 20 సరైనదే అన్నారు. వాళ్ళను తప్పు పట్టలేను. ఉన్న కాగితం చదివారు. ఆ కాగితంలో ఉన్నది అతను చెప్పుకున్న గొప్పే.

2007లో కమాచో కేసులో మాజీ సైనికుల అప్పీళ్ళు వినే కోర్టు కూడా ఇదే చెప్పింది. 40 కావాలంటే శ్రమ మానుకోవడం వైద్యపరంగా అవసరమని చూపించే ఆధారం ఉండాలి. నువ్వంతట నువ్వు మానేశానంటే చాలదు. డాక్టరు నోటితో అన్నమాట కూడా చాలదు.

ఇప్పుడు నీ సంగతికి వస్తాను. మూటతో నడిచే మార్చ్‌లో పడిపోయావని మీ అమ్మ చెప్పింది. (ఆవిడ అది ఎండదెబ్బ అనుకుంటోంది, నేను సరిచెయ్యలేదు.) నీ షుగర్ చూసే ఎండోక్రినాలజిస్టు ఇక బరువు మోయవద్దని, రాత్రంతా మేలుకునే డ్యూటీలు వద్దని అన్నాడట. రాశాడా? ప్రొఫైల్‌లో ఉందిలే అనకు. ఆర్మీ నీతో ఏ పనులు చేయించకూడదో ప్రొఫైల్ చెబుతుంది. శాతం వేసేవాళ్ళు వెతికేది వేరు: షుగర్ పడిపోకుండా ఉండటానికి, ఉద్యోగంలోనూ బయటా కఠినమైన శ్రమ మానుకోవాలని వైద్యుడి మాట. వెళ్ళి అడుగు. మార్చ్ రోజు మీటరులో ఎంత చూపించిందో, ఎవరు పట్టుకున్నారో చెప్పు. మీ ప్లటూన్ సార్జెంటు చూసినది చూసినట్టు రాసి సంతకం చేస్తే అదీ ఫైలులో పెట్టించు.

ఒక మాట గట్టిగా చెబుతున్నాను. లేనిది రాయించవద్దు. టైప్ 1 వాళ్ళలో చాలామందికి డాక్టర్లు వ్యాయామం చెయ్యమనే చెబుతారు, అది మంచి వైద్యమే. నీ డాక్టరు నిజంగా నీకు ఆంక్ష అవసరం లేదనుకుంటే నీకు రావలసింది 20 మాత్రమే, తీసుకుని తలెత్తుకుని రా. కానీ అవసరమని ఆయన నోటితో అన్నాక, నువ్వు పరీక్షలో ఛాతీ విరుచుకుని ఐదు మైళ్ళ కథ చెబితే మాత్రం ఎల్ పాసో వచ్చి చెవి మెలిపెడతాను.

ఇంకొకటి. అప్పట్లో ఆర్మీ ఒక పరీక్ష, వీఏ ఇంకో పరీక్ష చేసేవి. ఇప్పుడు ఇద్దరికీ కలిపి ఒకే పరీక్ష, శాతం వేసేది వీఏ. కానీ నిన్ను కొలువుకు పనికిరాకుండా చేసినవి ఏవో తేల్చేది ఆర్మీ బోర్డు, రిటైర్‌మెంట్ లెక్కకు అవి మాత్రమే పనికొస్తాయి. వీఏ అన్నింటినీ కలుపుతుంది. అందుకే వీఏ దగ్గర మొత్తం 60 ఉండి, ఆర్మీ దగ్గర 20తో వచ్చేసినవాళ్ళు ఉన్నారు. మోకాలు నొప్పి, పాదాల్లో తిమ్మిరి, ఏది ఉన్నా పరీక్షలో చెప్పు. ఉద్యోగానికి అడ్డం వచ్చినవాటిని బోర్డు పట్టించుకునేలా లాయరు చూస్తాడు. ఫలితం నచ్చకపోతే బోర్డు ముందు హాజరై చెప్పుకోవచ్చు, వీఏను ఒకసారి శాతం తిరిగి చూడమనీ అడగవచ్చు. అది బతిమాలుకోవడం కాదురా, చట్టంలో రాసి ఉన్నది.

డబ్బు గురించి నీకు భ్రమ వద్దు. ఆరేళ్ళ సర్వీసుకు సెవరెన్స్ పన్నెండు నెలల మూల వేతనం వస్తుంది, ఒకేసారి చూస్తే పెద్ద మొత్తమే. 40తో రిటైరైతే వచ్చే పింఛనులో వీఏ పరిహారం మేరకు కోసేస్తారు, ఇరవై ఏళ్ళు నిండనివాళ్ళకు అంతే. కాబట్టి నెలసరి డబ్బులో తేడా నువ్వు ఊహించినంత ఉండకపోవచ్చు. తేడా అంతా ట్రైకేర్ కార్డులో ఉంది. స్రవంతికి ఆరో నెల. డల్లాస్ కంపెనీ బీమా ఆ కంపెనీలో ఉన్నన్నాళ్ళే. ఆ కార్డు రేపు పుట్టబోయే పిల్లకు కూడా వర్తిస్తుంది. పిల్లే పుడుతుందని మీ అమ్మ గట్టిగా నమ్ముతోంది.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని విషయం. బోర్డు కాదు, రాత్రి పడిపోయే షుగర్. బ్యారక్స్‌లో ఒంటరిగా పడుకుని ఉదయం లేవని ఒక పందొమ్మిదేళ్ళ పిల్లవాడి తల్లితో ఫోనులో మాట్లాడవలసి వచ్చింది ఒకసారి. అందుకని అడుగుతున్నాను, షుగర్ పడితే మోగే సెన్సరు ఒంటికి పెట్టుకున్నావా? అలారం మోత చిరాకని ఆపేస్తున్నావా? పడిపోయిన షుగర్‌ను పైకి తెచ్చే మందు, ముక్కులో కొట్టే గ్లూకగాన్, మంచం పక్కన ఉంచు. ఎలా వాడాలో స్రవంతికి చూపించు. స్పృహ లేనప్పుడు నోట్లో రసాలు పోయవద్దని చెప్పు. ఎల్ పాసో నుంచి డల్లాస్‌కు దాదాపు వెయ్యి కిలోమీటర్లు. వాన్ హార్న్ దాటాక చాలా దూరం మనిషి కనిపించని దారి. ఇల్లు చూసి రావడానికి ఒక్కడివే రాత్రిపూట బయలుదేరతావేమో, బయలుదేరవద్దు. స్టీరింగు పట్టుకునే ముందు షుగర్ చూసుకో, గ్లూకోజు బిళ్ళలు డిక్కీలో కాదు, చేతికి అందేచోట పెట్టుకో.

తిండి విషయంలో మీ అమ్మ మాట వినకు. కాకరకాయ రసం పంపిస్తానంటోంది, పంపనీ, పారబోయి. అన్నం మానెయ్యమని ఎవరో చెప్పారట, మానక్కరలేదు, కొలుచుకుని తిని దానికి తగ్గ ఇన్సులిన్ వేసుకో. గోంగూర పచ్చడిలో పిండిపదార్థం లెక్కపెట్టేంత ఉండదు. కాబట్టి ఈసారి సీసా నేనే పంపుతున్నాను. ఇది నువ్వు స్వీట్లు తిన్నందుకు వచ్చిన జబ్బు కాదు, ఎవరన్నా అలా అంటే నా నంబరు ఇవ్వు.

పరీక్షకు ముందురోజు ఎండోక్రినాలజిస్టు నోటు, బోర్డు డాక్టరు రాసిన సమ్మరీ వచ్చిన రోజు ఆ సమ్మరీ, రెండూ ఫోటో తీసి నాకు పంపు. లాయరు చదివినా సరే నేనూ చదువుతాను. అక్షరాలు కనిపించేలా తియ్యి, మీ పెళ్ళి ఫోటోల్లా తలలు కోసెయ్యకుండా.

దీవెనలతో,
మీ పెద్దమ్మ