మీరడిగారు: వించెస్టర్ల మూడో కొడుకు

ప్రశ్న: దయ్యాలను వేటాడే అన్నదమ్ములు డీన్, సామ్ వించెస్టర్‌ల కథ అయిన అమెరికన్ టీవీ సీరియల్ ‘సూపర్‌నేచురల్’ను మొదటి సీజన్ నుంచి వరుసగా చూస్తూ ఈ మధ్యనే 200వ ఎపిసోడ్‌కు వచ్చాను. ఒక బడిలో ఆడపిల్లలంతా కలిసి ఆ అన్నదమ్ముల కథనే సంగీత నాటకంగా ఆడతారు. చివరి పాట దగ్గర నాకు కన్నీళ్ళు ఆగలేదు. పక్కనున్న మా తమ్ముడు మాత్రం ‘‘నీలాంటి వాళ్ళనే ఎగతాళి చేస్తుంటే ఏడుస్తావేంటక్కా?’’ అని నవ్వాడు. నిజంగా అది అభిమానుల మీద వేళాకోళమేనా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వేళాకోళం ఉంది, మీ తమ్ముడు చూసింది తప్పు కాదు. 2014 నవంబరు 11న ప్రసారమైన ఆ ఎపిసోడ్‌లో, సీరియల్ లోపలే ప్రవక్త చక్ రాసినట్టుగా చెప్పే నవలల ఆధారంగా మారీ అనే విద్యార్థిని నాటకం రాసి, తానే దర్శకత్వం వహిస్తుంది. పుస్తకాలు ఆగిపోయిన చోటు నుంచి సొంత కల్పన అందుకుని, రెండో అంకంలో రోబోలను కూడా దింపుతుంది. తన జీవితం పాటలుగా మారడం చూసి డీన్ పడే అవస్థ నవ్వు తెప్పిస్తుంది. (ఆడవాళ్ళు మగవేషం, మగవాళ్ళు ఆడవేషం కట్టడం గుంటూరు వాళ్ళకు వింతేమీ కాదు, బాపట్లలో పుట్టి, మగవాడై ఉండీ సత్యభామ వేషంతో ఆంధ్రదేశాన్ని ఊపేసిన స్థానం నరసింహారావు గారిది ఈ ప్రాంతమే కదా!)

అయితే ఆ పరిహాసం ఎవరికి ఎక్కువ తగిలిందో కూడా చూడాలి. ఐదో సీజన్ తరువాత తమకు నిజంగా జరిగినవన్నీ డీన్ వరుసగా చెప్పుకొస్తే, మారీ పగలబడి నవ్వి, అభిమానులు సొంతంగా అల్లే కథల్లో ఇంత చెత్తది తానెప్పుడూ వినలేదంటుంది. అంటే నాలుగు సీజన్ల పాటు తాము చెమటోడ్చి అల్లిన కథనే, రచయితలు ఒక బడిపిల్ల చేత తీసిపారేయించారు. ఎదుటివాళ్ళను వెక్కిరించడమే ఉద్దేశమైతే ఆ సంభాషణ రాయవలసిన అవసరమే లేదు.

మీ కన్నీళ్ళ విషయానికి వస్తే, సీజన్ ముగింపు ఎపిసోడ్లలో పాత కథను గుర్తుచేస్తూ వినిపించే కాన్సాస్ బృందం పాటను ఆ పిల్లలు నెమ్మదిగా అందుకుంటారు. అన్నదమ్ములిద్దరూ వేదిక పక్కన నిలబడి చూస్తుంటారు. ఒక్కొక్క పాత్రా వచ్చి చేరుతుండగా డీన్‌కు ఒక వేషం ఎవరిదో తెలియదు. అడిగితే మారీ మామూలుగా చెప్పేస్తుంది: అది ఆడమ్, జాన్ వించెస్టర్‌కు (డీన్, సామ్‌ల తండ్రికి) ఇంకో కొడుకు, ఇప్పటికీ నరకంలో ప్రధాన దేవదూత మైకేల్‌తో పాటు బోనులోనే బందీగా ఉన్నాడు, అని. అన్నలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. 2010లో ఐదో సీజన్ చివర ఆ బోనులో పడిపోయిన తమ్ముణ్ణి వాళ్ళు మరిచిపోయారు, సీరియల్ కూడా పక్కన పెట్టేసింది, అభిమానులు మాత్రం వదల్లేదు. నా దృష్టిలో ఆ ఎపిసోడ్‌కు ప్రాణం ఆ ఒక్క మాటే.

ఇది మనకు తెలియని వ్యవహారమేమీ కాదు. వాల్మీకి రామాయణంలో ఊర్మిళ పెళ్ళి దాకా కనిపించి, ఆ తరువాత దాదాపు మాయమైపోతుంది. ఆమె పద్నాలుగేళ్ళూ నిద్రలోనే ఉందనీ, తిరిగొచ్చి లేపబోయిన లక్ష్మణుణ్ణి ఎవరో పరాయివాడనుకుని మందలించిందనీ పాట కట్టి తరతరాలుగా పాడుకున్నది తెలుగు లోగిళ్ళలోని ఆడవాళ్ళే. పెద్ద కథ దారిలో వదిలేసిన మనిషి ఏమైపోయిందో పట్టించుకున్నది వాళ్ళు. మారీ చేసింది కూడా అదే పని. (ముందు కథ తెలియడం ఇష్టం లేకపోతే ఈ వాక్యం దాటేయండి: ఆడమ్‌ను బోనులో నుంచి మళ్ళీ తెర మీదికి తెచ్చింది పదిహేనో సీజన్‌లో, 2019 చివర్లో.)

ఇంకొకటి కూడా చెప్పాలి. చిన్నప్పుడు సామ్ ఇచ్చిన తాయెత్తును ఐదో సీజన్‌లో డీన్ చెత్తబుట్టలో పడేస్తే, దాని కోసం అభిమానులు ఎంతగా బాధపడ్డారో మీకు తెలిసే ఉంటుంది. ఇక్కడ మారీ ఇచ్చిన నాటకాల తాయెత్తును అతను ఇంపాలా కారు అద్దానికి వేలాడదీసుకుంటాడు. అది నకిలీదని అతనికీ తెలుసు, మనకూ తెలుసు. అయినా నా కళ్ళు చెమర్చింది అక్కడే. మీ తమ్ముడికి ఐదో సీజన్ చూపించి, ఆ తరువాత ఈ ఎపిసోడ్ మళ్ళీ పెట్టండి.

ప్రశ్న: 300వ ఎపిసోడే అన్నిటికన్నా గొప్పదని మా స్నేహితులు వాదిస్తున్నారు. మీ అభిప్రాయం?
– ఒక పాఠకుడు, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: నా ఓటు 200వ ఎపిసోడ్‌కే. 2019 ఫిబ్రవరి 7న వచ్చిన 300వ ఎపిసోడ్‌లో, మనసులోని కోరిక తీర్చే ముత్యం వల్ల 2003 నాటి తండ్రి జాన్ ప్రత్యక్షమవుతాడు. జాన్, తల్లి మేరీ, ఇద్దరు కొడుకులు ఒకే బల్ల దగ్గర భోంచేయడం, జాన్ సామ్‌ను క్షమించమని అడగడం చక్కగా కుదిరాయి. జాన్‌గా జెఫ్రీ డీన్ మోర్గన్ నటన గురించి వేరే చెప్పనక్కర్లేదు. కానీ అది అభిమానులు ఎన్నాళ్ళుగానో కోరుకున్నదాన్ని వాళ్ళ చేతిలో పెట్టిన ఎపిసోడ్. కోరిక తీరినందుకు సంతోషిస్తాం, అంతే. 200వది అభిమానుల పట్టుదలను సీరియల్ తన కథలోకి తీసుకుని, వాళ్ళ ప్రశ్నకు తలవంచిన ఎపిసోడ్. పైగా 300వ దానిలో కాలం తారుమారైనప్పుడు వచ్చే మారిన సామ్, దేవదూత కాస్టియెల్‌ల భాగం హడావుడిగా నడిచి, నిలవవలసిన భోజనం సన్నివేశానికి వ్యవధి తగ్గించింది. అయినా మీ స్నేహితులతో వాదన పెట్టుకునే ముందు, 2006లో రెండో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో జాన్ చనిపోయే ఘట్టం మరోసారి చూడండి. వాళ్ళ పక్షానికి బలమంతా అక్కడ ఉంది.