సోలార్ ప్లాంటు పెట్టి పక్క ఫ్యాక్టరీలకు కరెంటు అమ్మాలంటే లైసెన్సు కావాలా?

ప్రశ్న: సొంత భూమిలో 2 మెగావాట్ల సోలార్ ప్లాంటు పెట్టి, దగ్గర్లోని మూడు ఫ్యాక్టరీలకు కరెంటు అమ్మాలనుకుంటున్నాను. ఈఆర్‌సీ (విద్యుత్ నియంత్రణ మండలి) దగ్గర లైసెన్సు తీసుకోవాలా?

జవాబు: ఉత్పత్తికి అక్కర్లేదండీ. 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 7 ప్రకారం, గ్రిడ్ కనెక్షన్ సాంకేతిక ప్రమాణాలు పాటిస్తే ఎవరైనా ప్లాంటు పెట్టుకోవచ్చు. సెక్షన్ 12 కింద లైసెన్సు అడిగేది ట్రాన్స్‌మిషన్, పంపిణీ, ట్రేడింగ్‌లకే. ట్రేడింగంటే ఒకరి దగ్గర కొని ఇంకొకరికి అమ్మడం. మీ ప్లాంటు కరెంటు మీరే అమ్మితే అది ట్రేడింగ్ కాదు, ఉత్పత్తిదారు నేరుగా అమ్ముకోవడానికి వీలిచ్చే సెక్షన్ 10 కిందికి వస్తుంది.

కాబట్టి తేలాల్సింది వైరు ఎవరిదన్నది. మీరే స్తంభాలు పాతి మూడు ఫ్యాక్టరీలకూ లైన్లు లాగితే అది పంపిణీయేనని డిస్కం (మీ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ) అడ్డుపడుతుంది. ఓవర్‌హెడ్ లైనుకు సెక్షన్ 68 కింద ప్రభుత్వ అనుమతి కూడా కావాలి. 11 కేవీ లోపు లైనుకు మినహాయింపు ఉంది గానీ, అది ఒక్క వినియోగదారుడికి వేసే లైనుకే. పోనీ పంపిణీ లైసెన్సే తీసుకుందామా అంటే, అది 25 ఏళ్ల లైసెన్సు, ఊళ్లకు ఊళ్లకు సరఫరా చేసేవాళ్ల కోసం పెట్టింది. మూడు ఫ్యాక్టరీల కోసం ఆ దారి తొక్కకండి.

మిగిలింది ఓపెన్ యాక్సెస్, అంటే చార్జీలు కట్టి డిస్కం వైర్ల మీదుగా మీ కరెంటును ఫ్యాక్టరీలకు చేర్చడం. 2022 గ్రీన్ ఎనర్జీ నిబంధనల ప్రకారం కొనే ఫ్యాక్టరీకి 100 కిలోవాట్ల లోడ్ ఉంటే చాలు. దరఖాస్తులు చూసే నోడల్ ఏజెన్సీ 15 రోజుల్లో తేల్చాలి, లేకుంటే అనుమతి ఇచ్చినట్టే లెక్క. అయితే వీలింగ్ చార్జీలు (వైర్లు వాడుకున్నందుకు), లైను నష్టాల పైన క్రాస్ సబ్సిడీ సర్‌చార్జి (మిగతా వినియోగదారుల రాయితీ భారం కోసం), అదనపు సర్‌చార్జి (డిస్కం ముందే ఒప్పుకున్న కరెంటు ఖర్చు కోసం) పడతాయి. బేరం చెడేది ఇక్కడే. యూనిట్ ధర మాట్లాడుకునే ముందే మీ డిస్కం తాజా టారిఫ్ ఆర్డర్‌లో ఈ నాలుగూ కూడి చూడండి.

ఆ రెండు సర్‌చార్జీలూ తప్పాలంటే గ్రూప్ క్యాప్టివ్, అంటే కరెంటు వాడుకునేవాళ్లే కలిసి ప్లాంటులో వాటాదారులవడం. ప్లాంటు కోసం విడిగా కంపెనీ పెట్టి, ఓటు హక్కున్న వాటాల్లో కనీసం 26 శాతం మూడు ఫ్యాక్టరీలకు ఇవ్వాలి. ఏడాది ఉత్పత్తిలో కనీసం 51 శాతం వాళ్లే వాడాలి. 2 మెగావాట్లకు సుమారు 30 లక్షల యూనిట్లు వస్తాయనుకుంటే అది 15.3 లక్షలు. పైగా ఎవరి వాడకం వాళ్ల వాటాకు తగ్గట్టు ఉండాలి, తేడా 10 శాతం దాటకూడదు. 13, 6.5, 6.5 శాతంగా వాటాలిస్తే మొదటి ఫ్యాక్టరీ లెక్కకు 7.65 లక్షలు, మిగతా ఇద్దరికీ 3.825 లక్షల చొప్పున వస్తాయి.

లెక్క ఆర్థిక సంవత్సరానికి చూస్తారు. నవంబరులో ఒక ఫ్యాక్టరీ మూతపడి 51 శాతం తప్పిందంటే, ఆ ఏడాది మొత్తం కరెంటూ మామూలు అమ్మకమైపోతుంది. బాగా వాడినవాళ్లకూ ఏప్రిల్ నుంచి సర్‌చార్జి బిల్లు వస్తుంది. అందుకే మూణ్ణెల్లకోసారి మీటరు లెక్క తీసి వాటాలతో సరిచూసుకోండి. సర్‌చార్జి పడితే ఎవరు కట్టాలో, వాడకం తగ్గినవాళ్లు వాటాలు ఎన్ని రోజుల్లో ఎవరికి బదలాయించాలో వాటాదారుల ఒప్పందంలోనే రాయించండి. ఒక ఫ్యాక్టరీ తన షెడ్డు అద్దెకిచ్చి ఈ కరెంటే అద్దెదారుకు వదిలితే ఆ యూనిట్లు సొంత వాడకం కింద నిలవవు, ఆ షరతు కూడా చేర్చండి.