పరిశోధకుల ప్రశ్నలు: సదస్సుకు పిలుపు వచ్చింది, దారి ఖర్చులు ఎవరిస్తారు?

ప్రశ్న: నేను జీవశాస్త్రంలో పీహెచ్‌డీ మూడో సంవత్సరంలో ఉన్నాను. శ్రీకాకుళం తీరంలో ఆలివ్ రిడ్లే అనే సముద్ర తాబేళ్ల గుడ్లను హేచరీలకు (కాపలా ఉంచి పొదిగించే ఆవరణలకు) తరలించినప్పుడు అక్కడి ఇసుక వేడిమి సహజమైన గూళ్లకంటే ఎంత తేడాగా ఉంటుందన్నది నా పరిశోధన. ఐరోపాలో జరగబోయే ఒక సదస్సులో పోస్టరు ప్రదర్శించడానికి అనుమతి వచ్చింది. ప్రయాణ గ్రాంటు కోసం రెండు చోట్ల దరఖాస్తు చేస్తే రెండు చోట్లా తిరస్కరించారు, కారణం చెప్పలేదు. ‘ఎందుకు వెళ్లాలనుకుంటున్నారు’ అన్న భాగానికి నేను రాసిన సమాధానాన్ని జతచేస్తున్నాను. లోపం ఎక్కడుందో, ఇంకా ఎవరిని అడగవచ్చో చెప్పగలరా?
– పరిశోధక విద్యార్థిని, కళింగపట్నం

జవాబు: మీరు పంపిన ముప్పావు పేజీని రెండుసార్లు చదివాను. అందులో తాబేళ్ల గురించి ఉన్నవి రెండే వాక్యాలు. మిగిలినదంతా ఆ సదస్సు ఎంత ప్రతిష్ఠాత్మకమైనదో, అక్కడికి వెళ్తే మీ పరిజ్ఞానం ఎంత పెరుగుతుందో చెప్పడానికే సరిపోయింది. ఇటువంటి దరఖాస్తులను పరిశీలించే సంఘాల్లో నేనూ కొన్నాళ్లు కూర్చున్నాను. ఒక్కొక్క దరఖాస్తుకు మేము ఇవ్వగలిగిన సమయం పది నిమిషాలకు మించేది కాదు. ఆ పది నిమిషాల్లోనూ మేము వెతికేది, ఈ విద్యార్థి అక్కడికి వెళ్లకపోతే ఏ పని ఆగిపోతుందన్న ఒక్క ప్రశ్నకు జవాబు కోసమే. ‘జ్ఞానం పెరుగుతుంది’ అన్న మాట ప్రతి దరఖాస్తులోనూ ఉంటుంది కనుక దాని మీద మా చూపు ఆగేది కాదు.

మీ విషయంలో ఆ జవాబు ఉంది, మీరు రాయలేదు, అంతే. సముద్ర తాబేలు పిల్ల ఆడదో మగదో నిర్ణయించేది గూటిలోని వేడిమి, అందులోనూ గుడ్డు పొదిగే కాలంలో నడిమి మూడో వంతు రోజుల్లోని వేడిమి. ఇసుక వేడెక్కితే ఆడపిల్లలు ఎక్కువవుతాయి, చల్లబడితే మగపిల్లలు. కుక్కల నుంచి, నక్కల నుంచి, మనుషుల నుంచి కాపాడాలని గుడ్లను తవ్వి తీసి హేచరీలో పాతిపెట్టే మనం, మంచి చేస్తున్నామనుకుంటూనే ఆ నిష్పత్తిని తారుమారు చేస్తున్నామా అన్నది మీరు తేల్చదలచిన సంగతి. అప్పుడే పుట్టిన పిల్లను పైనుంచి చూసి ఆడామగా చెప్పడం సాధ్యం కాదు కాబట్టి, చనిపోయిన పిల్లల కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద పరీక్షించాలి, లేదా గూటి ఉష్ణోగ్రతల ఆధారంగా లెక్క కట్టాలి. ఈ లెక్కలో ఆరితేరిన బృందం ఏదైనా ఆ సదస్సుకు వస్తున్నదేమో కార్యక్రమ పట్టికలో చూడండి. వస్తుంటే ఇప్పుడే వారికి ఉత్తరం రాసి, మీ కొలతల్లో ఎక్కడ చిక్కుబడ్డారో చెప్పి, అరగంట సమయం అడగండి. ‘ఫలానా బృందం నా ఉష్ణోగ్రతల పట్టికలను చూడటానికి అంగీకరించింది’ అన్న ఒక్క వాక్యం మీ దరఖాస్తులో ఉంటే, ఇప్పుడున్న ముప్పావు పేజీ తీసివేసినా నష్టం లేదు.

మరొక మాట కూడా రాయండి. మనకు ఉత్తరాన ఒడిశాలోని రుషికుల్య, గహిర్మఠ తీరాలు వేలాది తాబేళ్లు ఒకేసారి ఒడ్డుకు చేరే చోట్లుగా ప్రపంచమంతా తెలిసినవే. మన తీరంలో అవి ఒకటీ అరా విడివిడిగా వచ్చి గుడ్లు పెడతాయి. పేరున్న తీరం కాదని మీరు దీన్ని ఒక మూలకు నెట్టారు. నిజానికి ఎక్కువమంది చూడని చోటి కొలతలు మీ చేతిలో ఉండటమే మీ బలం.

ఇక ఖర్చుల పట్టిక. ‘మొత్తం సుమారు రెండు లక్షలు’ అని ఒకే వరుస రాశారు. అది చదివిన వారికి మీరు ఇంకా ఏదీ విచారించలేదని అర్థమవుతుంది. ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో రైలెక్కిన దగ్గర నుంచి లెక్క మొదలుపెట్టండి. విమాన ఛార్జీ, రిజిస్ట్రేషన్ రుసుము, బస, భోజనం, పోస్టరు ముద్రణ విడివిడిగా చూపండి. సదస్సు షెంజెన్ దేశంలో (ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమిలో) అయితే పెద్దలకు వీసా రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా తప్పనిసరి. పట్టిక చివర, ఇందులో ఎంత మీరే భరించగలరో, ఎంత మరొకరిని అడిగారో దాచకుండా రాయండి. పూర్తి ఖర్చు ఒకే చోట దొరకడం అరుదని ఇచ్చేవారికీ తెలుసు కనుక, నాలుగు చోట్ల అడగడం తప్పుగా ఎవరూ భావించరు. ఒకే ఖర్చును ఇద్దరి దగ్గర రాబట్టుకోవడమే తప్పు.

ఎవరిని అడగాలన్నది మీ రెండో ప్రశ్న. విదేశీ సదస్సులో పత్రం సమర్పించే యువ శాస్త్రవేత్తలకు విమాన ఛార్జీ, వీసా, రిజిస్ట్రేషన్ ఖర్చులు భరించే పథకాన్ని కేంద్ర ప్రభుత్వ పరిశోధన నిధుల సంస్థ ఎస్‌ఈఆర్‌బీ నడిపేది. ఆ సంస్థ ఇప్పుడు అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో కలిసిపోయింది కాబట్టి దాని పోర్టల్‌లో ప్రస్తుత నిబంధనలు చూసుకోండి. సీఎస్‌ఐఆర్ మానవ వనరుల విభాగం కూడా యువ పరిశోధకులకు ఖర్చులో కొంత భాగం ఇస్తుంది. సముద్ర తాబేళ్ల మీద పనిచేసేవారికి అంతర్జాతీయ సముద్ర తాబేళ్ల సంఘం తన వార్షిక సదస్సుకు వచ్చే విద్యార్థుల కోసం పాక్షికంగా ప్రయాణ గ్రాంట్లు ఇస్తుంది. ఆ సదస్సు 2010లో గోవాలోనే జరిగింది.

అయితే నన్నడిగితే, మూడు రోజుల పోస్టరు కంటే మూడు వారాలు ఒక ప్రయోగశాలలో కూర్చోవడమే మీకు ఎక్కువ మేలు. బ్రిటన్‌లోని కంపెనీ ఆఫ్ బయాలజిస్ట్స్ అనే సంస్థ తన పత్రికల పేరిట, మరొక ప్రయోగశాలకు వెళ్లి పని నేర్చుకునే యువ పరిశోధకులకు 3,000 పౌండ్ల వరకు ఫెలోషిప్పు ఇస్తుంది. జంతు శరీరధర్మశాస్త్రానికి చెందిన జర్నల్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంటల్ బయాలజీ ఆ పత్రికల్లో ఒకటి. భారతదేశం 2016లో ఐరోపా అణు జీవశాస్త్ర సంస్థ అయిన ఎంబో వ్యవస్థలో అనుబంధ సభ్యత్వం పొందింది కనుక, మూడు నెలల లోపు పర్యటనలకు ఎంబో ఇచ్చే గ్రాంట్లకు కూడా మనవారు పోటీ పడవచ్చు. వీటిలో దేనికైనా ఆతిథ్యమిచ్చే ప్రయోగశాల అంగీకారం ముందుగా కావాలి. సదస్సులో కలుస్తానని మీరు రాసే ఉత్తరం ఇందుకూ పనికివస్తుంది.

వెళ్లేటప్పుడు కణజాల నమూనాలను పెట్టెలో సర్దుకోకండి. ఆలివ్ రిడ్లే వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జీవి; అంతర్జాతీయంగా వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలోనూ మొదటి అనుబంధంలో ఉంది. నమూనాలను దేశం దాటించడానికి అనుమతులు వేరు. లెక్కలు, ఫొటోలు తీసుకువెళ్లండి, చాలు.

ప్రశ్న: మా నాన్నగారు జూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. నాకు గ్రాంటు మంజూరైంది గానీ, ముందు మనం ఖర్చు పెట్టుకుంటే తిరిగి వచ్చాక బిల్లులు చూసి ఇస్తారట. అంత డబ్బు ముందుగా ఎక్కడ తేవాలి? పాస్‌పోర్టులో నా పేరు ఒకలా, అంగీకార పత్రంలో మరోలా ఉంది. దీనివల్ల ఇబ్బంది వస్తుందా?
– పరిశోధక విద్యార్థి, విజయనగరం

జవాబు: గ్రాంటు మంజూరు ఉత్తరం చేతిలో ఉంది కాబట్టి, మొదట మీ విశ్వవిద్యాలయ ఆర్థిక విభాగాన్ని అడ్వాన్సు కోరుతూ గైడు ద్వారా లిఖితపూర్వకంగా అడగండి. నోటిమాటతో అడిగితే ‘అలాంటి ఏర్పాటు లేదు’ అంటారు. ఫైలు కదిలితే చాలాసార్లు ఏదో ఒక దారి దొరుకుతుంది. అదే సమయంలో నిర్వాహకులకు రాసి రిజిస్ట్రేషన్ రుసుము మాఫీ చేయగలరా, బసను వారే నేరుగా చెల్లించగలరా అని అడగండి. అడగడానికి మొహమాటపడే విద్యార్థులను చాలామందిని చూశాను. అడిగినందుకు అంగీకారాన్ని వెనక్కి తీసుకున్న నిర్వాహకులను మాత్రం చూడలేదు.

టికెట్ కొనేముందు మంజూరు ఉత్తరంలోని షరతులు చదవండి. ప్రభుత్వ ఖర్చుతో జరిగే విమాన ప్రయాణాలకు బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ అనే మూడు ఏజెంట్ల దగ్గరే టికెట్ తీసుకోవాలన్న నియమం ఉంది. మీ గ్రాంటుకు అది వర్తిస్తే, బయట చౌకగా దొరికిందని కొన్న టికెట్ బిల్లు చెల్లకుండా పోతుంది. రానూపోనూ బోర్డింగ్ పాసులు, అసలు రసీదులు, ఆ రోజు మారకపు రేటు తెలిపే బ్యాంకు కాగితం ఒకే కవరులో దాచండి. ఫోన్‌లో చూపించే బోర్డింగ్ పాస్ అయితే అప్పుడే కాపీ తీసి పెట్టుకోండి. ప్రయాణం ముగిశాక అది యాప్‌లో కనబడకపోవచ్చు.

పేరు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ మన తెలుగువారికి ఎప్పుడూ ఉన్న తలనొప్పే. మనం ఇంటిపేరును పొడి అక్షరంగా ముందు పెట్టి రాస్తాం. పాస్‌పోర్టులో అది పూర్తిగా, వేరే గడిలో ఉంటుంది. పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఆహ్వాన పత్రం, అంగీకార పత్రం తిరిగి ఇవ్వమని నిర్వాహకులను అడగండి. వీసా దరఖాస్తుకు ముందే ఈ పని పూర్తి కావాలి. షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, కొన్ని సందర్భాల్లో 45 రోజుల వరకు పడుతుంది కనుక, చివరి నెల దాకా ఆగకండి.

ప్రశ్న: ఎంఎస్సీ విద్యార్థినైన నాకు ఒక అంతర్జాతీయ జీవశాస్త్ర సదస్సు నుంచి ‘విశిష్ట వక్త’గా ఆహ్వానం వచ్చింది. అబ్‌స్ట్రాక్ట్ (పరిశోధన సారాంశం) పంపిన మర్నాడే అంగీకరించారు. రుసుము కడితే ప్రయాణ గ్రాంటుకు సిఫార్సు చేస్తామంటున్నారు. కట్టవచ్చా?
– బొబ్బిలి

జవాబు: కట్టవద్దు. ఎంఎస్సీ విద్యార్థిని విశిష్ట వక్తగా పిలిచేవారు మీ పని చదివి పిలవలేదు. నిజంగా ప్రయాణ గ్రాంటు ఇచ్చేవారు అందుకు ముందుగా డబ్బు అడగరు. ఇటువంటి సదస్సులు, పత్రికలు నడుపుతూ పరిశోధకులను మభ్యపెట్టినందుకు హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన ఒక సంస్థను 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని అమెరికా ఫెడరల్ కోర్టు 2019లో ఆదేశించింది. ఆహ్వానంలోని కార్యవర్గ సభ్యుల్లో ఇద్దరికి, వారి విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో దొరికే చిరునామాకు ఉత్తరం రాసి, తమ పేరు అక్కడ ఉన్న సంగతి తెలుసా అని అడిగి చూడండి.