తలలు లెక్కపెడితే తేలే సంగతి కాదు

2000లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'లవ్ అండ్ బాస్కెట్‌బాల్'లో ముఖ్యపాత్రలన్నీ నల్లజాతి వాళ్లవే, మరి సినిమాల్లో వైవిధ్యం గురించి మాట్లాడేటప్పుడు దాన్నెందుకు తెస్తారు అని ఒకరు అడిగారు. నేను ఆ సినిమా రెండుసార్లు చూశాను. మొదటిసారి డిగ్రీ హాస్టల్లో, ఓ సీనియర్ అక్క తెచ్చిన సీడీలో. అప్పుడు నేను కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో, బంతిని ముందుకు నడిపే గార్డ్‌గా ఆడేదాన్ని. రెండోసారి పోయినేడు, మా అమ్మతో.

అప్పటి హాలీవుడ్‌లో నల్లజాతి కుర్రాడి కథ అంటే చాలాసార్లు తుపాకులు, మత్తుమందులు, జైలు. ఇందులో కథ జరిగేది లాస్ ఏంజెలెస్‌లో, కలిగిన నల్లజాతి కుటుంబాలుండే బాల్డ్‌విన్ హిల్స్‌లో. హీరో క్విన్సీ వాళ్ల నాన్న ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ ఆటగాడు, పక్కింట్లో ఉండే హీరోయిన్ మోనికా వాళ్ల నాన్నది బ్యాంకు ఉద్యోగం. గొడవలన్నీ ఏ ఇంట్లోనైనా ఉండేవే. మేమూ మనుషులమేనని ఎవరికో నచ్చజెప్పే తాపత్రయం ఎక్కడా కనబడదు. నాకు నచ్చింది అదే.

ఆడపిల్ల సంగతి మాత్రం సినిమా దాచిపెట్టదు. 1981లో మోనికా టోపీ పెట్టుకుని ఆడటానికొస్తుంది. టోపీ తీశాకగానీ మగపిల్లలకి అమ్మాయని తెలీదు. తర్వాత క్విన్సీ తన సైకిలెక్కమంటే నాకూ సైకిలుంది అంటుంది. అప్పుడే ముద్దు పెట్టుకున్న ఇద్దరూ అంతలోనే కొట్టుకుంటారు! దర్శకురాలు జీనా ప్రిన్స్ బైథ్‌వుడ్ కాలేజీలో పరుగుపందాల అథ్లెట్. ఈ పంతం ఆవిడకి బయటినుంచి తెలిసింది కాదు. అమెరికాలో ఆడవాళ్ల ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ మ్యాచ్‌లు మొదలైంది 1997లో. అంతకుముందు కాలేజీ అయ్యాక ఆడాలంటే చాలామంది మోనికాలా స్పెయిన్ లాంటి చోటికి పోవాల్సి వచ్చేది.

మాకు కోర్టు దొరికేది మగపిల్లలు వెళ్లాక, సాయంత్రం ఆరింటికి. ఆరున్నరకి హాస్టల్ గేటు మూసేసేవాళ్లు. మా ప్రాక్టీసంతా ఆ అరగంటే. అందుకే క్విన్సీ బాధలో ఉండి ఆగమన్నా, మర్నాటి ఆట పోతుందని మోనికా కర్ఫ్యూ టైముకి వెళ్లిపోయే సీన్‌లో మా గది రెండుగా చీలిపోయింది. నేను మోనికా పక్షం. ఇప్పటికీ అంతే.

నచ్చని సంగతీ ఉంది. అంత పంతం ఉన్న మోనికా చివర్లో క్విన్సీ మనసు కోసం అతనితోనే పందెం కట్టి ఆడి ఓడిపోవడం. ఎవరెన్ని చెప్పినా అది నాకు మింగుడుపడలేదు.

పోయినేడు నేను పక్కనుంచి తెలుగులో చెబుతుంటే అమ్మ చూసింది. ఇల్లు తప్ప నీకింకేం పట్టలేదని మోనికా తల్లిని నిలదీసే సీనొచ్చింది. అమ్మ కాసేపు మాట్లాడలేదు. నా మ్యాచ్ ఒక్కటీ చూడలేదని నేనూ ఒకప్పుడు ఆవిణ్ణి చాలా అన్నాను.

"నీ బూట్లు ఎనిమిది వందలు. మీ నాన్నకి మూడొందలని చెప్పాను," అంది.

మిగతా ఐదొందలు ఎక్కణ్ణుంచి తెచ్చావంటే చెప్పలేదు.

ఆఖర్లో మోనికా డబ్ల్యూఎన్‌బీఏలో ఆడుతుంటుంది, క్విన్సీ వాళ్ల పాపని ఎత్తుకుని జనంలో కూర్చుని ఉంటాడు. నేను కళ్లు తుడుచుకుంటున్నా. అమ్మ మాత్రం, "ఆ పిల్లకి వేళకి అన్నం పెట్టాడంటావా?" అంది.