నాన్నగారి రక్తం తీసుకోలేదని బాధపడుతున్న తమ్ముడికి

తమ్ముడూ, క్లినికల్ ట్రయల్‌లో (కొత్త మందుని మనుషుల మీద పరీక్షించే చోట) ఇచ్చిన మందుతో లింఫోమా అనే క్యాన్సర్ నుంచి బయటపడ్డ నాన్నగారు రుణం తీర్చుకుంటానని బ్లడ్ బ్యాంక్‌కి వెళ్తే వద్దని పంపేశారు అన్నావు కదా, అది అవమానం కాదు. మన దగ్గర క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ల రక్తం తీసుకోరు, రూలే అంత. ఇంకో చోట ట్రై చేద్దాం, జబ్బు సంగతి చెప్పకుండా ఇచ్చేద్దాం అని మాత్రం అనుకోకండి ప్లీజ్.

అసలు నాకు కంగారేసింది నువ్వు చివర్లో రాసిన ముక్కకి, బాగానే ఉన్నాను కదా ఫాలోఅప్ (ట్రయల్ వాళ్లు చేసే చెకప్‌లు) మానేస్తా అంటున్నారని. ఆయన చేయగలిగిన పెద్ద సాయమే ఆ చెకప్‌లకి వెళ్లడం! మందు ఎన్నేళ్లు పనిచేసింది, ఆలస్యంగా ఏమైనా తేడా చేసిందా అన్నది అలా వచ్చేవాళ్ల వల్లే తెలుస్తుంది, కార్-టి (రోగి రక్తకణాల జీన్స్ మార్చి మళ్లీ ఎక్కించే చికిత్స) లాంటి జీన్ థెరపీలకైతే అమెరికాలో పేషెంట్లని 15 ఏళ్ల దాకా గమనిస్తూ ఉండమంటారు. మానేసే హక్కు ఆయనకి ఉంది, కాదనట్లేదు, కానీ చెప్పి చూడు.

రక్తం ఇచ్చే సంగతి ఆయన బదులు నువ్వు చూసుకో. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఉన్న ఎమ్‌ఎన్‌జే లాంటి క్యాన్సర్ హాస్పిటల్స్‌లో ప్లేట్‌లెట్స్ ఎప్పుడూ కావాలి, ఎందుకంటే అవి 5 రోజులకి మించి నిలవ ఉండవు, కీమోలో ఉన్నవాళ్లకి కౌంట్ పడిపోతూనే ఉంటుంది. ఎస్‌డీపీ (సింగిల్ డోనర్ ప్లేట్‌లెట్స్, అంటే ఒక్కరి నుంచే మెషిన్‌తో ప్లేట్‌లెట్స్ మాత్రం తీసుకోవడం) అని అడుగు, మెషిన్ మీద గంటా గంటన్నర పడుతుంది, రెండుసార్ల మధ్య 48 గంటలు గ్యాప్ చాలు. ముందు ఫోన్ చేసి నీ గ్రూప్ కావాలో లేదో కనుక్కో, ఇచ్చే ముందు మూడు రోజులు ఆస్పిరిన్ వేసుకోకు, తినేసి వెళ్లు.