పెళ్లి గుర్తుంది, పొద్దుటి ఉప్మా గుర్తులేదు

ప్రశ్న: మా అమ్మమ్మకి 82 ఏళ్లు. తన పెళ్లిలో ఎవరు అలిగారో, పప్పులో ఉప్పెలా ఎక్కువైందో పూసగుచ్చినట్టు చెబుతుంది. పొద్దున తిన్న ఉప్మా మాత్రం గుర్తుండదు. ఎందుకండీ ఇలా?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: కొత్త సంగతుల్ని పట్టి ఉంచేది హిప్పోక్యాంపస్ అని మెదడు లోపల, చెవుల దగ్గరుండే చిన్న భాగం. పాతవి మెల్లమెల్లగా మెదడు పైపొరల్లో కుదురుకుంటాయి. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ల కుర్రాడికి మూర్ఛ తగ్గాలని ఆ భాగాన్ని రెండువైపులా చాలావరకు తీసేశారు. మూర్ఛ తగ్గింది గానీ, పాపం, 2008లో పోయేదాకా కొత్తవి దాదాపు ఏవీ నిలవలేదు, చిన్ననాటి కబుర్లు మాత్రం చెప్పేవాడు. విచిత్రమేంటంటే, అద్దంలో చూస్తూ నక్షత్రం గీయమంటే రోజురోజుకీ బాగా గీశాడు, నిన్న గీసిన సంగతే తెలియకుండా!

ఇంకోటి, గుర్తుచేసుకోవడమంటే రికార్డు వేయడం కాదు, ముక్కల్ని మళ్లీ అతకడం. కాబట్టి ఆ పప్పులో ఉప్పు ఏటా కాస్త పెరిగినా ఆశ్చర్యపోకండి.

వయసే కదా అని వదిలేయకుండా ఓసారి డాక్టరుకి చూపించండి. బి12 తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా మతిమరుపు రావచ్చు, వాటికి మందులున్నాయి.